వయసుల వేలంపాట

ఆ బ్యూటీ పార్లర్‌లో జరిగేదంతా ఒకటే పని: వయసు దాచడం. యాభై దాటినావిడ నలభై అయిదని చెప్పుకుంటూ లోపలికొస్తుంది, నలభైలా కనపడుతూ బయటికెళ్తుంది. రంగు వేసేటప్పుడు మెడ వెనక తెల్లటి కుదుళ్ళు అసలు సంగతి చెప్పేస్తూనే ఉంటాయి. అక్కడ పనిచేసే ఇద్దరూ దాన్ని బ్రష్షుతో కప్పేసి, "మీకు నలభై అంటే ఎవరు నమ్ముతారండీ!" అని మురిపిస్తారు. అబద్ధానికి అంత మర్యాద దొరికే చోటు ఊళ్ళో ఇంకోటి లేదు.

పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది. తల్లుల వయసు వెనక్కి నడవాలి, కూతుళ్ళ వయసు ముందుకి పరిగెత్తాలి. ఎవరి పిల్లయినా పెద్దమనిషి కావడం ఒక ఏడాది ఆలస్యం చేసిందంటే చాలు, ఊరందరికీ నిద్ర పట్టదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగేవాళ్ళే ఉండరు.

పార్లర్‌లో కుర్చీలు రెండే. పెద్ద అద్దం ముందున్నది పెద్దమేడమ్‌ది. చేతి మీద చిరిగిన రెక్సిన్‌కి టేపు అతికించి ఉన్నది చిన్నమేడమ్‌ది. ఇద్దరూ వదినామరదళ్ళు, పెద్దమేడమ్ తమ్ముణ్ణే చిన్నమేడమ్ చేసుకుంది. ఆ తమ్ముడికి ఈ కథలో పనేమీ లేదు. "ఆడవాళ్ళ విషయం, మీరే చూసుకోండి" అని టీవీ శబ్దం పెంచినవాడు, ఇంకా తగ్గించలేదు.

చిన్నమేడమ్‌కి ఒక్కతే కూతురు. పదిహేను నిండి పదహారు నడుస్తోంది. పొడుగ్గా, సన్నగా, ఎముకలన్నీ తొందరపడి ముందే వచ్చేసినట్టుంటుంది. మేనత్త దానికి 'పుల్ల' అని పేరు పెట్టింది. పెట్టిననాడు అందరూ నవ్వారు, పేరు అతుక్కుపోయింది. స్కూలయ్యాక పుల్ల పార్లర్‌కి వచ్చి, కర్టెన్ వెనక వ్యాక్స్ హీటర్ పక్కన స్టూలు మీద కూర్చుని చదువుకుంటుంది, తువ్వాళ్ళు మడతపెడుతుంది. గుడ్డ కర్టెన్ మాటల్ని ఆపుతుందని ఆ పార్లర్‌లో అందరికీ గట్టి నమ్మకం.

"ఏమండీ, మీ పుల్ల ఇంకా పెద్దమనిషి కాలేదా?" అని ఒకరోజు బ్యాంకు మేనేజరమ్మ అడిగింది. మొహానికి ప్యాక్ వేసుకుని, పెదాలు కదిపితే పగులుతుందని పళ్ళ మధ్యలోంచి మాట్లాడుతోంది. "నాకైతే పన్నెండుకే."

"అదేనండీ మా బెంగ," అంది పెద్దమేడమ్. "మా ఇంటావంటా లేదు. నాకు పదకొండో ఏటే. మా మరదలికైతే పదకొండు నిండనే లేదు. కదే?"

చిన్నమేడమ్ అప్పుడు ఎవరికో కనుబొమలు దిద్దుతోంది. దారం పళ్ళ మధ్య ఉండటం వల్ల తలూపి ఊరుకుంది. దేవుడు ఆ దారాన్ని అలాంటి సమయాల కోసమే పుట్టించాడని ఆమె అభిప్రాయం.

ఎందుకంటే అది పచ్చి అబద్ధం.

కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో, డాబా మీద బట్టలు ఆరేస్తూ వదిన తన గొప్పలు చెప్పింది. వంటలో ఆవిడే గొప్ప, చదువులో ఆవిడే గొప్ప, చివరికి ఈడేరడంలోనూ ఆవిడే గొప్ప: "నాకు పదకొండుకే!" అప్పటికే అన్నిట్లోనూ ఓడిపోయి ఉన్న కోడలు, క్లిప్పు పెడుతూ పెడుతూ, "నాకు పదకొండు నిండనే లేదు వదినా" అనేసింది. వేలంపాటలో చేయెత్తినంత సులువుగా. వదిన మొహం మాడిపోయింది. ఆ ఇంట్లో వదిన మీద ఆమె గెలిచిన పందెం అదొక్కటే, అందుకే ఇన్నేళ్ళూ దాన్ని భద్రంగా దాచుకుంది. నిజానికి ఆమెకి పదహారు నిండాకే వచ్చింది. అప్పటిదాకా తోటిపిల్లల నవ్వులు భరించలేక ఏడిస్తే, కన్నతల్లి కళ్ళు తుడిచి, "ఎవరడిగినా పన్నెండని చెప్పు, ఎవరొచ్చి చూస్తారు?" అని నేర్పింది. కూతురు తల్లిని మించిపోయింది.

మేనేజరమ్మ పొగబెట్టి వెళ్ళాక డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. పెద్దమేడమ్ షాపు మూసి మరీ వెంట వచ్చింది. "దాన్ని నేనూ ఎత్తుకుని పెంచాను, నాకు మాత్రం బాధ్యత లేదా?" అంది. నిజంగానే ఎత్తుకుని పెంచింది. కాదని ఎవరనగలరు?

లేడీ డాక్టరు పుల్లని పక్కగదిలోకి తీసుకెళ్ళి చూసింది, తిండి అడిగింది, ఆటలు అడిగింది. ఎత్తూ బరువూ చూసింది. తర్వాత తల్లివైపు తిరిగి, "మీకెప్పుడు మొదలయ్యాయి?" అంది.

పక్క కుర్చీలో వదిన. ఎదురుగా డాక్టరు. చిన్నమేడమ్ వదిన వైపు ఓసారి చూసింది.

"పదకొండు... నిండకముందే."

"నాకు పదకొండు," అని పెద్దమేడమ్ ఎవరూ అడక్కుండానే అందుకుంది. "మేనత్తని."

డాక్టరు నుదురు ముడిపడింది. "రెండు వైపులా అంత తొందరగా అయితే, ఈ పిల్లకి ఇంకా రాకపోవడం గురించి ఆలోచించాల్సిందే" అని రక్తపరీక్షలు, మణికట్టు ఎక్స్-రే, పొట్ట స్కానింగ్ రాసింది.

స్కానింగ్ సెంటర్‌లో పుల్ల సీసాల కొద్దీ నీళ్ళు తాగి, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడింది. "ఆపుకోమ్మా, ఇంకా ముగ్గురున్నారు" అని కౌంటర్ అమ్మాయి హాలంతా వినపడేలా అరిచింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. వదినకి తెలియకుండా నిజం చెబుదామని చిన్నమేడమ్ ఆ సాయంత్రం క్లినిక్‌కి ఫోన్ చేసింది కూడా. "డాక్టరుగారు బిజీ. ఏ విషయమో చెప్పండి, నేను చెబుతాను" అంది రిసెప్షనిస్టు. వెనక నుంచి పేషెంట్ల గోల వినిపిస్తోంది. చిన్నమేడమ్ రాంగ్ నంబర్ అని పెట్టేసింది.

స్కాన్ బాగానే వచ్చింది. రక్తం బాగానే ఉంది. ఎక్స్-రేలో మాత్రం ఎముకల వయసు పిల్ల వయసు కన్నా వెనకబడిందట. ఫోన్లో ఆ సంగతి చెబుతూ డాక్టరు, "మీ ఇంటి సంగతి చూస్తే ఇది మామూలు ఆలస్యంలా లేదు. పెద్దాసుపత్రికి పంపిద్దాం. క్రోమోజోములు కూడా చూస్తారేమో. రేపు వచ్చి ఉత్తరం తీసుకోండి" అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. కర్టెన్ వెనక స్టూలు చప్పుడు చెయ్యలేదు.

ఆరోజు షాపు కట్టేసే ముందు పుల్ల నేల మీద జుట్టు ఊడుస్తూ, చీపురు ఆపకుండానే అడిగింది.

"అమ్మా, క్రోమోజోములు చూస్తే తెలిసిపోతుందట కదా."

"ఏంటే తెలిసేది?"

"నేను ఆడపిల్లనో కాదో."

"ఎవరన్నారే ఆ మాట?"

"ఎవరూ అనలేదు. ఫోన్లో చదివాను."

ఊడ్చిన జుట్టునే మళ్ళీ మళ్ళీ ఊడుస్తోంది. తల్లికి నిజం నోటిదాకా వచ్చింది. అంతలో వెనకగదిలోంచి ఉతికిన తువ్వాళ్ళ బుట్టతో వదిన వచ్చింది. "పిచ్చి రాతలు చదవకు" అని మాత్రం అనగలిగింది తల్లి. డాబా మీద గెలిచిన ఆ ముష్టి పందెం కన్నబిడ్డ కన్నా బరువైపోయింది. ఇలాంటి తల్లులకి నాలుగు తగిలించాలనిపిస్తుంది గాని, ఆ రాత్రి ఆమె తనని తానే అంతకన్నా ఎక్కువ తిట్టుకుంది.

మర్నాడు మళ్ళీ ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు పెద్దాసుపత్రికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. పుల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"డాక్టర్, ఆ టెస్టులో వేరేలా వస్తే స్కూల్లో నా పేరు మార్పించాలా?"

డాక్టరు పెన్ను ఆగింది. జవాబు చెప్పబోయేలోపే చిన్నమేడమ్ నోరు తెరిచింది.

"పదహారు."

"ఏంటి పదహారు?"

"నాకు. పదహారు నిండాకే వచ్చింది. పదకొండు అబద్ధం."

పెద్దమేడమ్ కుర్చీతో సహా ఇటు తిరిగింది. "పదకొండు నిండనే లేదన్నావు! ఇన్నేళ్ళూ అదే పాట పాడావు కదే!"

"పాడాను వదినా. మీరు పదకొండన్నారని పాడాను."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకి కోపమొచ్చింది, దాచుకోలేదు కూడా. "ఈ ముక్క మొదటిరోజే చెబితే మీ సొమ్మేం పోయేదమ్మా? తల్లికి ఆలస్యమైతే పిల్లకీ ఆలస్యం కావడం చాలాచోట్ల ఉన్నదే. స్కాన్ బాగుంది, రక్తం బాగుంది, ఎదుగుదల కనపడుతోంది. ఎముకలు కూడా అదే చెబుతున్నాయి, ఇంకా టైముందని. నేనే మీ మాట విని వాటిని అనుమానించాను." తర్వాత పుల్ల వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నువ్వు ఆడపిల్లవే. ఏ పరీక్షలో ఏమొచ్చినా నీ పేరు నీదే. కొన్నాళ్ళు చూద్దాం. అప్పటికీ రాకపోతే నేనే పంపిస్తాను. ఈలోగా ఎవరైనా ఏదో పొడి తెచ్చి మింగమంటే మింగకు."

పుల్ల తొడల కింది నుంచి చేతులు తీసింది. వేళ్ళ మీద కుర్చీ అల్లిక అచ్చులు పడి ఉన్నాయి.

పెద్దమేడమ్ ఇంకా తేరుకోలేదు గాని, గెలుపు వాసన మాత్రం పసిగట్టింది. "అదీ సంగతి! అయితే ఇదంతా మీ పుట్టింటి వైపు నుంచి వచ్చిందన్నమాట. మా వైపు అన్నీ టయానికే."

"మీకు పదకొండే కదూ?" అంది డాక్టరు.

పెద్దమేడమ్ బ్యాగు జిప్పు తీసింది, వేసింది.

"అత్తా," అంది పుల్ల. "నువ్వైనా నిజం చెప్పు."

జిప్పు ఇంకోసారి తెరుచుకుంది, మూసుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా పెద్దమేడమ్ పైటచెంగుతో మెడ తుడుచుకుంది.

"పదిహేడు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. చిన్నమేడమ్‌కి, సిగ్గులేకుండా చెప్పాలంటే, మొదట కలిగింది ఉక్రోషం. నిజంలో కూడా తనే ఓడిపోయింది.

"ఇంకా పెంచేవాళ్ళున్నారా?" అంది డాక్టరు, రాస్తున్న ఉత్తరాన్ని చింపేస్తూ.

పుల్ల నవ్వలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, కొత్తగా వచ్చిన కస్టమర్లని చూసినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పుల్ల ముందు సీట్లో కూర్చుంది. వెనక వదినామరదళ్ళు. చిన్నమేడమ్ అడిగింది. "నిజంగానేనా వదినా? నా మీద పంతానికి అన్నారా?"

పెద్దమేడమ్ కిటికీలోంచి చూస్తూ అంది, "మా ఇంట్లో నన్ను మోడు అనేవాళ్ళు. చుట్టాలొస్తే మా అమ్మ లోపల గదిలోంచి బయటికి రానిచ్చేది కాదు."

ఆ గొంతులో గొప్పలు లేవు. చిన్నమేడమ్‌కి జాలి కలిగింది, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. "మీరు అంత పడి, నా పిల్లకి పుల్ల అని పేరెలా పెట్టారు?"

"పెట్టింది నేనే," అంది పెద్దమేడమ్. "నవ్వింది నువ్వు."



బుద్ధి వచ్చిందని అనుకుంటారేమో. అక్కడికే వస్తున్నాను. వారం తిరక్కుండా పార్లర్‌లో పాట మళ్ళీ మొదలైంది, ఈసారి పైకి. "మా ఇంట్లో అందరికీ లేటేనండీ, నాకు పదిహేడు" అని పెద్దమేడమ్ కస్టమర్లకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. "తొందరగా అయితే ఎత్తు పెరగరట కూడానూ." బ్యాంకు మేనేజరమ్మ ప్యాక్ కింద కాసేపు ఆలోచించి, "నాకూ పదిహేనేలెండి, పన్నెండని నోటికొచ్చింది" అంది. చిన్నమేడమ్ కూడా "నాకు పదహారు" అని ధైర్యంగానే చెబుతోంది. కర్టెన్ వెనక పిల్ల ఏం వింటోందో ఈసారీ ఎవరూ ఆలోచించలేదు.

పరీక్షలయ్యి సెలవులిచ్చాక ఒకరోజు, ఎవరికో కనుబొమలు దిద్దుతూ దువ్వెన కనపడక, చిన్నమేడమ్ కూతురి బ్యాగులో చెయ్యి పెట్టింది. ప్యాడ్ల ప్యాకెట్టు చేతికి తగిలింది. విప్పినది. సగం అయిపోయినది.

"ఏమే! ఎప్పుడే?"

పుల్ల కర్టెన్ పక్కకి జరిపి బయటికొచ్చింది, చేతిలో తువ్వాలు. "ఇది రెండోసారి."

"రెండోసారా? మరి కన్నతల్లికి చెప్పవా?"

తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, కాని పక్కనే ముల్లులా ఇంకేదో గుచ్చుకుంది. పెద్దమేడమ్ రంగు బ్రష్షు గాల్లోనే ఆపేసింది. ఆమె కుర్చీలో ప్యాక్ వేసుకుని వాలి ఉన్న మేనేజరమ్మ, పగిలితే పగిలిందని లేచి కూర్చుంది.

"ఎన్నో ఏట అయిందే?" అంది పెద్దమేడమ్. "పదహారు నిండాకా, ముందా? ఏ నెలలో? సరిగ్గా చెప్పు."

పిల్ల తువ్వాలుని సగానికి మడిచింది, మళ్ళీ సగానికి మడిచింది.

"ఎంతని చెప్పమంటారు?" అంది. "పదకొండా, పదిహేడా?"

చివరికి కుర్చీలో కూర్చున్న కస్టమరే, ఒక కనుబొమ సన్నగా ఇంకోటి గుబురుగా, అద్దంలోంచి చూస్తూ, "రెండోది కూడా కానివ్వండమ్మా" అంది. చిన్నమేడమ్ దారం తెంపి పళ్ళ మధ్య పెట్టుకుంది.