త్సోనా అవ్వ చెంబు

కామెన్‌దోల్ అనే కొండ ఊళ్ళో తెల్లారితే ముందు రొట్టెల వాసన లేస్తుంది, ఆ తరవాత త్సోనా అవ్వ లేస్తుంది. ఊళ్ళో ఎవరు బయల్దేరినా సరే, పెళ్ళికైనా, పట్నంలో పన్ను పీకించుకోవడానికైనా, రాగి చెంబుతో గుమ్మంలోకొచ్చి వాళ్ళ ముందు నీళ్ళు పారబోస్తుంది. వెళ్ళిన పని నీళ్ళలా సాగాలని. ఆ కొండల్లో అవ్వలంతా చేసేదే. కాకపోతే ఈ అవ్వ నీళ్ళు పోసిన దారి పొట్టిదైపోతుంది. నలభై కిలోమీటర్ల పట్నం పదికి దిగుతుంది. టిక్కెట్లు కొట్టడం పూర్తికాకుండానే జనం దిగిపోతారని బస్సు కండక్టరు ఒక్కడే సణుగుతాడు.

చిక్కంతా పరుగు పందెం దగ్గరొచ్చింది. ఏటా మే నెలలో ఊరు ఊరంతా పది కిలోమీటర్లు పరిగెడుతుంది. నిరుడు అవ్వ ప్రేమ పట్టలేక, పరుగు మొదలయ్యేచోట ఏకంగా ఏడు చెంబులు పోసింది. రాళ్ళ వీధి తడిసి వందమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. సరే, ఎనభై అనుకోండి. మోకాలిచిప్ప పగిలిన బడిపంతులు దగ్గరికి అంబులెన్సు వీధికి అడ్డంగా ఉన్న కార్లనీ అంగడి బల్లలనీ తప్పించుకుని వచ్చేలోపు ఆయనకి గడ్డం పెరిగింది. పోలీసు సార్జంటు వెలిస్లావ్ చెంబుని జప్తు చేసి స్టేషన్ బీరువాలో పెట్టాడు. పట్నం మళ్ళీ నలభై కిలోమీటర్లయింది.

ఈ ఏడు సార్జంటు ఒకటే మాటన్నాడు: పరుగు దాటే కొండమీదికి అంబులెన్సు అయిదు నిమిషాల్లో రాలేకపోతే అనుమతి కాగితం మీద సంతకం లేదు, పరుగు లేదు.

పరుగు నడిపించేది ఉత్తరాలు పంచే రాదోస్వెత. ఊళ్ళో ప్రతి తలుపూ, ప్రతి కుక్కా ఆమెకి తెలుసు. నెల రోజులు తిరిగి, ఒక్కొక్క కారూ ఎక్కడ పెట్టాలో యజమానితో ఒప్పించింది. మున్సిపాలిటీలో పనిచేసే పెన్యో చేత మురుక్కాలవల మీద మూతలు వేయించింది. మలుపు మలుపుకీ ఒక మనిషిని నిలబెట్టింది. ఇంత చేసినా, అంబులెన్సుకని వదిలిన చెర్రీల సందు కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది.

"పద్నాలుగు నిమిషాలు," అన్నాడు సార్జంటు. "ఆగిన గుండె అంతసేపు మనకోసం కూర్చుంటుందా, అమ్మాయ్?"

రాదోస్వెత బీరువా వైపు చూసింది. "చెంబు ఇచ్చెయ్యండి, సార్జంటుగారూ. అవ్వ పరిగెత్తేవాళ్ళ ముందు పోయదు. అంబులెన్సు సందులో పోస్తుంది."

సార్జంటు చాలాసేపు మీసం దువ్వుకుని బీరువా తెరిచాడు. పెన్యో సాయం చేద్దామని మున్సిపాలిటీ నీళ్ళ లారీ పంపుతానన్నాడు. అవ్వ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"లారీతో దీవిస్తార్రా ఎవరన్నా?"

పందెం రోజు పొద్దున్నే సందు మొదట్లో ఒక్క చెంబు పోసింది, అంతే. పరుగు వీధి ఎండు రొట్టెలా పొడిగా ఉంది. జారినవాడు లేడు, దారి తప్పినవాడు లేడు, ఒక్క కారు అడ్డం లేదు. అంత చక్కని పరుగు ఆ కొండలు పుట్టాక చూసి ఉండవు. అందరికంటే వెనకాల బడిపంతులు, అతికిన మోకాలితో, కొండమీది మలుపు దాటాడు. అక్కడ ఎండలో నిలబడ్డ సార్జంటు ఆయనకి సెల్యూట్ కొట్టాడు. కొట్టిన చెయ్యి దించి, గుండె పట్టుకుని, రోడ్డు పక్కన కూలిపోయాడు.

పంతులు ఫోనులో "కొండమీద..." అన్నాడో లేదో, అంబులెన్సు పక్కనే ఆగింది. డ్రైవరు ఇంకా సీటు బెల్టు పెట్టుకుంటున్నాడు.

ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పింది. మూడు వారాలకి సార్జంటు స్టేషన్‌కొచ్చి, వచ్చే ఏడాది పరుగుకి కావలసినవి తానే రాసి, కింద సంతకం ముందే పెట్టేశాడు. అడ్డుకంచెలు అరవై. అంబులెన్సు ఒకటి. చెంబు ఒకటి, అవ్వతో సహా.