సూపర్‌వైజర్‌కి పని

బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక, పదకొండేళ్లు అక్కడ కాలర్లు కుట్టిన ఆమె ఇంట్లో కూర్చోలేకపోయింది. కాలు ఒకచోట నిలవని మనిషి. నెల తిరక్కుండానే రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, ఆరు పాత మిషన్లు వేసి, తనతోపాటు రోడ్డున పడ్డ ఐదుగురు ఆడవాళ్లను పిలుచుకుని, స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టింది.

బడులు తెరవడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. నాలుగొందల చొక్కాలు మిగిలాయి. కటింగ్ అంతా ఆమె ఒక్కతే చేయాలి. గుడ్డ అందక కుట్టేవాళ్లు ఆగిపోతున్నారు. గుమ్మానికీ టేబుల్‌కీ మధ్య ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ పాత సూపర్‌వైజర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏదైనా పనుంటే చెప్పమ్మా. కటింగ్ బాగా వచ్చు నాకు."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. మంచినీళ్లకు లేచినా వేలెత్తి చూపించిన మనిషి అతను. కాజాలు కుట్టే పెద్దావిడ మొహం మీదే అనేసింది: "ఈయన లోపలికొస్తే నేను బయటికి పోతా."

"సాయంత్రం రండి, చెప్తాను" అని పంపించేసింది ఆమె.

పంపిందే గానీ మనసు కుదుట పడలేదు. ఎవరో ఏదో చెప్పుకుని నవ్వుతుంటే, "కబుర్లు తర్వాత! చేతులు ఆడించండి!" అని కసిరింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. ఫ్యాక్టరీలో రోజుకు పదిసార్లు అతని నోట విన్న మాట అది.

"ఇంక ఆయనెందుకమ్మాయ్? నువ్వున్నావుగా" అంది పెద్దావిడ.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం కత్తెర పక్కన పెట్టి పెద్దావిడ దగ్గర కూలబడింది.

"నావల్ల కావట్లేదు పిన్నీ. కటింగ్‌కి మనిషి కావాలి. ఆయనంత తెలిసినవాళ్లు ఎవరూ దొరకరు. ఏం చేద్దాం?"

పెద్దావిడ దారం తెంపింది. "కటింగ్ టేబుల్ దాటి ఇటు రాకూడదు. ఎవర్నీ ఒక్క మాట అనకూడదు. నువ్వూ అంతే."

"నేనూనా?"

"ముందు నువ్వే."

సాయంత్రం ఆ షరతులు పెద్దావిడే అతనికి చెప్పింది. అతను అన్నీ విని, చొక్కా చేతులు మడుచుకుని కత్తెర అందుకున్నాడు.

చొక్కాలు బడులు తెరిచే ముందురోజు మధ్యాహ్నానికి అందాయి. తర్వాతి నెల ఇంకో ముగ్గురు పనిలో చేరారు. పక్క షెడ్డు ఖాళీ అవుతోందని తెలిసి ఆమె కొలతలకు పరుగెత్తింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి అతను వెంట వెళ్లాడు.