అత్తగారి పైదవడ, అల్లుడి కార్డు

పొద్దున్నే కంప్యూటర్ తెర మీద అత్తగారి పైదవడకు ఆకుపచ్చ చారలు వచ్చాయి. కాసేపటికి దవడ ముక్కలై, ముక్కకొక దిక్కుగా జారి, తెర మొత్తం నల్లబడింది. పళ్ళాయన మౌసు వదిలేసి తన పళ్ళు తాను కొరుక్కున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనే అంటారు. ఆ పేరు నమ్ముకుని అరటిపళ్ళు డజనెంత అంటూ తలుపు తట్టినవాళ్ళూ ఉన్నారు. ఆయన చేసేవి తినే పళ్ళు కావు, తినడానికి పళ్ళు. దంతవైద్యులు నోటి లోపలి కొలతలు పంపుతారు. ఈయన కట్టుడు పళ్ళ రూపం తెర మీద దిద్ది, ఆ ఫైలును పళ్ళు కోసే మిషను దగ్గరికి పంపుతాడు. ఊళ్ళో ఎవరి నోట్లో ఏముందో ఆయనకు తెలుసు, బయటపెట్టడు. నోరున్న వృత్తే గానీ నోరు మెదిపే వృత్తి కాదు.

ఈసారి నోరు సొంత అత్తగారిది. ఆవిడ లైబ్రరీలో పిల్లలకు కథలు చదివి చెప్పే మనిషి. పైపళ్ళన్నీ తీసేశాక మాటల్లో అక్షరాలు తగ్గి గాలి పెరిగింది. ఇంట్లో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. శనివారం నుంచి ఆవిడ రాలేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామని లైబ్రరీవాళ్ళు ఎంతో మర్యాదగా కబురు పెట్టారు. ఇవాళ సాయంత్రం మిషను ఆపేలోగా ఫైలు చేరితే శనివారానికి పళ్ళు వస్తాయి. చేరకపోతే మిషను మీదికి ఇంకెవరి దవడో ఎక్కుతుంది.

బావమరిది వచ్చి కంప్యూటర్ పక్కరేకు విప్పి చూశాడు. వాణ్ణి అందరూ టర్బో అంటారు. మెల్లగా చేసే పని వాడికొక్కటీ చేతకాదు.

"తెర మీద బొమ్మ కదిపే గ్రాఫిక్స్ కార్డు పోయింది బావా. పాపం, ముసలిది. మంచి మొనగాడి లాంటి కార్డు తెచ్చుకుందాం. అమ్మ దవడ బొంగరంలా తిరగాలి!"

"మీ అమ్మ దవడ తిరిగితే చాలురా, నా తల తిరక్కుండా ఉంటే."

వేరే కంప్యూటర్ వాడదామంటే, పళ్ళు దిద్దే ఆ సాఫ్ట్‌వేర్ ఈ పెట్టెకే ముడిపెట్టి ఉంది. ముడి విప్పాలంటే కంపెనీకి అర్జీ పెట్టాలి. అర్జీకి జవాబొచ్చే లోపు అత్తగారికి పాలపళ్ళే మొలవచ్చు.

పళ్ళాయన పని చేసే పద్ధతిలో ఒక పట్టింపు ఉంది. ఏ పన్నైనా ముందు ఖాళీ కొలవాలి, తర్వాతే పన్ను సంగతి. అందుకని పళ్ళు కొలిచే సన్నని కొలతబద్ద తీసి, కార్డు కూర్చునే చోటు పొడుగూ వెడల్పూ లోతూ వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాడు. పక్కనున్న వైర్లు ఎక్కడ రాసుకుంటాయో కూడా చూశాడు. ఆ పెట్టెకు అంత గౌరవం పుట్టిన తర్వాత ఎప్పుడూ దక్కలేదు.

దుకాణంలో కొలతలన్నీ గడగడా అప్పజెప్పాడు.

"కొలతలు బాగున్నాయి సార్. లోపల కరెంటిచ్చే పవర్ సప్లై ఎన్ని వాట్లు?" అన్నాడు దుకాణదారు.

"వాట్?" అన్నాడు పళ్ళాయన.

"అదే సార్, వాట్."

"ఉన్నాయిలే అన్నా, కావలసినన్ని ఉన్నాయి," అని టర్బో అడ్డం పడ్డాడు. "ఆ రెండు ఫ్యాన్లది ఇటివ్వు. వైరు అందకపోతే హార్డ్ డిస్క్ వైర్ల నుంచి కరెంటు లాగే జోడింపు ముక్క కూడా పడెయ్."

దుకాణదారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కార్డు అట్టపెట్టె పాడుచెయ్యకుండా వెనక్కి తెస్తే ఇవాళే మార్చి ఇస్తా," అన్నాడు. వద్దని చెప్పలేని వ్యాపారి అలాగే చెబుతాడు మరి.

ఇంటికొచ్చి బిగిస్తే కార్డు కొత్త పన్నులా ఖాళీలో టక్కున కూర్చుంది. ఎక్కడా తగల్లేదు. పళ్ళాయన మురిసిపోయి పక్కరేకు వేసి మీట నొక్కాడు. దవడ నిజంగానే బొంగరంలా తిరిగింది. టర్బో ఈల వేశాడు. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, నోటికి చెయ్యి పెట్టుకుని చూసి, వెళ్ళిపోయింది.

అసలు లెక్క మొదలైంది. పై పళ్ళు కింది పళ్ళ మీద ఎక్కడ ఆనాలో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టుకునే ఘట్టం అది. ఫ్యాన్లు రెండూ హోరెత్తాయి. టప్ మని కంప్యూటర్ ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించాడు. పోయిన పని మళ్ళీ దిద్దాడు. లెక్క సగంలో మళ్ళీ టప్.

పళ్ళాయన కాలుగాలిన పిల్లిలా గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాడు. కిటికీ తెరిచాడు, మూశాడు. గోడ గడియారం వంక చూశాడు, చేతి గడియారం వంక చూశాడు, రెండూ కుమ్మక్కయ్యాయని తేల్చుకున్నాడు. అత్తగారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"అయిందా అల్లుడూ?"

"అవుతోంది అత్తయ్యా. మీరు కూర్చోండి."

"నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా," అని ఆవిడ నిలబడే ఉంది.

మూడోసారి ఆరిపోయినప్పుడు పళ్ళాయన రేకు విప్పి జోడింపు వైరు పట్టుకుని, చురుక్కుమంటే చెయ్యి లాగేసుకున్నాడు. వంగి పవర్ సప్లై మీది చీటీ మొదటిసారిగా చదివాడు. కొత్త కార్డు అట్ట మీద రాసింది కూడా చదివాడు. ఆ సప్లై కంప్యూటర్ మొత్తానికి పెట్టగలిగిన కరెంటు తిండంతా ఈ కార్డు ఒక్కటే తినేస్తుంది. ఏనుగును తెచ్చి కోళ్ళగూట్లో కట్టేసినట్టయింది. పెద్ద సప్లై కొందామన్నా దాని ప్లగ్గు ఈ కంపెనీ పెట్టెకు పట్టదు.

"ఒరేయ్, బలంలేని రెండు పళ్ళ మీద ఆరు పళ్ళ వంతెన కట్టమని ఏ డాక్టరైనా అడిగితే నేనేమంటాను?"

"కుదరదంటావు."

"మరి ఇక్కడెందుకు అనలేదురా నేను? ఖాళీ కొలిచాను, మోసేదాన్ని కొలవలేదు."

"ఇంకో వైరు కూడా కలిపి చూద్దాం బావా—"

"కలిపితే మీ అమ్మ పళ్ళకంటే ముందు ఇల్లు పొగ చూరుతుంది. పద!"

ఈసారి దుకాణంలో వాట్లే ముందు చెప్పాడు. దుకాణదారు అరచేతిలో పట్టే చిన్న కార్డు తీశాడు. వేరే వైరు అక్కర్లేదు, కూర్చున్న గాడి నుంచి వచ్చిందే తిని బతుకుతుందన్నాడు.

"ఇదా?" టర్బో ముఖం మాడ్చాడు. "ఇది కార్డా, విజిటింగ్ కార్డా?"

"పని చేసి వెళ్ళిపోయే అతిథైతే చాలు," అని పళ్ళాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

చిన్న కార్డుతో దవడ బొంగరంలా తిరగలేదు. ఎడ్లబండిలా తిరిగింది. పళ్ళాయన అక్కర్లేని చిగుళ్ళ భాగం కత్తిరించాడు, నాలుక కింది కొలతలు దాచేశాడు, కార్డు మీద బరువు తగ్గించి లెక్క మొదలుపెట్టాడు. ఆరిపోలేదు. లెక్క ఎంతదాకా వచ్చిందో చూపే పచ్చగీత తెర కింద చీమనడకన జరుగుతోంది. ఆయన కాళ్ళు కుర్చీ కింద కదులుతూనే ఉన్నాయి. పచ్చగీత చివరికొచ్చేసరికి కిటికీలో వెలుగు కూడా చివరికొచ్చింది.

అత్తగారు వచ్చి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద కొత్త పైవరస మెల్లగా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ నోటి మీది చెయ్యి తీసేసి చాలాసేపు చూసింది.

"ఇది నా నోరు కాదు," అంది.

"మీదే అత్తయ్యా."

"ఇంత వరసగానా? ముందు రెండు పళ్ళకీ మధ్య సందుండేది నాకు."

"సందు ఎందుకండీ? అందరూ మూసెయ్యమని బతిమాలుకుంటారు. ఎంత అందంగా ఉందో చూడండి!"

"అందం ఎవరిక్కావాలి? కథలో రైలొస్తే ఆ సందులోంచే ఈల వేసేదాన్ని. పిట్టొచ్చినా అందులోంచే. పిల్లలు కథకోసం వస్తారనుకున్నావా? ఈల కోసం వస్తారు."

పళ్ళాయన గడియారం చూశాడు. సందు పెడితే లెక్కంతా మళ్ళీ మొదటికి. ఈ కార్డు నడకకు అది మళ్ళీ అంతే దూరం.

"ఎంత సందు?" అన్నాడు పళ్ళాయన.

"ఇంకాస్త... ఇంకాస్త... ఆఁ, అక్కడ ఆపు."

మిషను దగ్గరున్న మనిషికి ఫోను చేసి, అయ్యా బాబూ అని బతిమాలి, ఆపకుండా ఉంచమన్నాడు. "ఎంతసేపు?" అన్నాడతను. "మా కార్డు దయ," అన్నాడు ఈయన. ముగ్గురూ పచ్చగీతను కళ్ళతో తోస్తూ కూర్చున్నారు. చీకటి బాగా ముదిరాక ఫైలు వెళ్ళింది. వెంటనే ఫోను మోగింది.

"సార్, చూశాను. ముందు పళ్ళ మధ్య ఖాళీ వదిలారు. పొరపాటు పడ్డారేమో?"

"పొరపాటు కాదు. ఖాళీ ఉంచే కొయ్యి."

ఫోను పెట్టేసి, కూర్చోబోయినవాడు లేచి, పళ్ళాయన మళ్ళీ పచార్లు మొదలుపెట్టాడు. నమలడానికి ఎంత సందు పనికిరాదో ఆయనకు చదువు నేర్పింది. ఈల రావడానికి ఎంత కావాలో ఎవరూ నేర్పలేదు.