రాసమ్మ చీరల కొట్టు

రాసమ్మ ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి మలేషియాలోని బంటింగ్ ఊరికి కోడలిగా వచ్చింది. భర్త కిశోర్‌కుమార్ బంటింగ్‌లోనే పుట్టినవాడు, ఫ్యాక్టరీలో పని. కొత్తలో ఆమె మోటార్‌బైక్ వెనక చీరల మూట కట్టుకుని పాత రబ్బరు ఎస్టేటు ఇళ్ల చుట్టూ తిరిగింది. తాతల నాడే వచ్చి స్థిరపడ్డ అక్కడి తెలుగువాళ్ల మాట తన ఊరి మాటలాగే ఉండేది గాని, ఆమె మాత్రం వాళ్లకు పరాయిదే. ఇండియా నుంచి వచ్చినవాళ్లు నాసిరకం సరుకు అంటగడతారని ఎర్రమ్మ అనే ముసలావిడ ఆమెను చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడేది. రాసమ్మ నొచ్చుకోలేదు. రంగు దిగే చీరైతే దిగుతుందని తనే ముందు చెప్పేది. మెల్లగా ఎర్రమ్మ లోపలికి పిలిచింది, మిగతావాళ్లూ పిలిచారు. కొన్నేళ్లకు రాసమ్మ బస్టాండు వెనక సొంతంగా కొట్టు పెట్టింది.

ఒక డిసెంబరులో వాన పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నానికి కొట్లో నడుంలోతు నీళ్లు. మొగుడూ పెళ్లాం అందినవన్నీ పై అరల్లోకి ఎక్కించారు. ఆ బరువుకు అరలే విరిగిపడ్డాయి. నీళ్లు తీశాక చూస్తే సరుకంతా బురదముద్ద. ఎర్రమ్మ మనవరాలు భార్గవి పెళ్లికని తెప్పించిన ఎర్రంచు పసుపు పట్టుచీర కూడా అందులోనే ఉంది.

ఇద్దరూ దాన్ని మంచినీళ్లలో జాడించి నీడన ఆరేశారు. చీర బాగానే శుభ్రపడింది గాని, కొంగు మీద అరచేతంత మరక ఉండిపోయింది. మడత లోపలికి తిప్పి ఇస్త్రీ చేస్తే పెళ్లి హడావుడిలో ఎవరూ చూడరన్నాడు కిశోర్‌కుమార్. అతను మోసగాడేం కాదు. రెండు రోజులుగా గోడలు కడిగి కడిగి అలసిపోయి ఉన్నాడు, కొట్టు మునిగిపోయిందన్న భయంలో ఉన్నాడు. రాసమ్మ చీర సంచిలో పెట్టుకుని ఎర్రమ్మ ఇంటికి బయల్దేరింది.

అక్కడ చాప మీద చీర పరిచి, మరక పైకి కనపడేలా తిప్పింది.

"ఇది వరదలో మునిగిపోనాది అమ్మీ. మరక పోలేదు. పెళ్లికి దీన్ని నీకు ఇయ్యలేను."

భార్గవి అంచు మీద వేలితో నిమిరింది. ఆ రంగు కోసమే ఎన్నో చీరలు కాదన్న పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పర్లేదక్కా, క్లాంగ్ టౌన్లో చూసుకుంటాం లా," అని మలేషియా యాసలో చెప్పేసి లోపలికి వెళ్లిపోయింది.

రాసమ్మకు ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పినందుకు ఒక్క మంచి మాటైనా వస్తుందని తను లోలోపల ఆశపడిందని అప్పుడే తెలిసొచ్చింది. చీర మడవబోతే ఎర్రమ్మ కొంగు పట్టుకుని ఆపింది.

"ఉంచీ. నేను కట్టుకుంతాను."

"మరకుంది మామ్మా."

"సూసినాను. ఈ ముసిల్దాని కొంగు ఎవులు సూస్తారు? నువ్వు సెప్పినావు, అదే సాలు."

పెళ్లినాడు భార్గవి క్లాంగ్‌లో కొన్న చీరలో చక్కగా ఉంది. ఎర్రమ్మ పసుపు పట్టుచీర కట్టి ముందు వరసలో కూర్చుంది. ఇది వరదలో మునిగిన చీరని తనే చెప్పి, మరక ఎక్కడని అడిగినవాళ్లకల్లా కొంగు ఎత్తి చూపించింది.

మిగిలిన చీరలను రాసమ్మ కొట్టు ముందు బల్ల మీద పోసి, బురద నీళ్లు తాగినవని చెప్పే అమ్మింది. పరదాలు కుట్టుకోడానికి మలాయి ఆడవాళ్లు కొందరు కొన్నారు. చాలావరకు అమ్ముడవక పాడైపోయాయి. ఆ నష్టంతో అద్దె కట్టలేక సగం కొట్టు వదులుకోవలసి వచ్చింది. ఉన్న సగంలో కిశోర్‌కుమార్ ఇటుకలు పేర్చి, వాటి మీద కొత్త అరలు బిగించాడు. రాసమ్మ కింద నిలబడి ఒక్కొక్క పలకా అందించింది.