పడవ బిరడా

పడవను చెట్టు కిందికి లాగి, తాళ్ళతో కట్టి, నిండా నీళ్ళు పోసిన మూడో వారంలో మా ఆయన లియాండర్ మంచమెక్కాడు. ఖాళీ పడవనైతే గాలి ఎత్తుకుపోతుంది, నీళ్ళున్న పడవను కదపలేదు. తుఫాను కబురు రాగానే మా రేవులో అందరూ చేసే పనే ఇది. ఆ తుఫాను మా దీవి దాకా వచ్చి ముఖం తిప్పుకుని పోయింది. మా ఆయన జ్వరం మాత్రం పోలేదు. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, కళ్ళ వెనక పోట్లు. దోమ జ్వరమని డాక్టరు ఒక్కమాటలో తేల్చేశాడు.

మా ఆడపడుచు కూతురు జోవెల్ దోమల శాఖలో పనిచేస్తుంది. రబ్బరు బూట్లేసుకుని వచ్చి, పడవలోకి తొంగిచూసి కేకేసింది.

"అత్తా, ఇదేంటి, దోమలకి హోటల్ పెట్టారా? ఎన్ని పిల్లలో చూడు!"

"మీ మావయ్య సముద్రపు నీళ్ళే పోశాడే. ఉప్పులో దోమలేంటి?"

"ఇన్ని వానలు పడ్డాక ఇంకా ఉప్పెక్కడ? నాలిక మీద వేసుకుని చూడు, చప్పగా ఉంటాయి. ఈ జ్వరం తగ్గాక ఇంకోసారి వచ్చిందంటే మావయ్య దక్కడు. పడవ అడుగున బిరడా పీకెయ్, నీళ్ళన్నీ పోతాయి."

లోపలికెళ్ళి చెబితే లియాండర్ లేవబోయి మళ్ళీ దిండు మీద పడ్డాడు.

"ఒసే క్లారిటా, బిరడా మీద చెయ్యేశావంటే చూడు! ఇంకో తుఫాను బయల్దేరిందంట. పడవ పోతే ఏం తింటాం, నీ నోరు తింటామా?"

పొద్దున రేడియో తుఫాను వస్తుందంది. మధ్యాహ్నం రాకపోవచ్చంది. జోవెల్ పీకమంటుంది, మొగుడు వద్దంటాడు. చేపల బజారులో ఎవరితోనైనా వాదించి గెలిచే దాన్ని, ఆ రోజు మాత్రం నా బుర్ర పనిచేయలేదు. మంచం తలాపున ఉన్న మరియమాత పటం ముందు మోకరిల్లాను. జూలైలో తుఫాను ప్రార్థన రోజున సీసాలో పెట్టిన పూలకొమ్మను అక్టోబరులో కృతజ్ఞత పూజ దాకా తీయకూడదు, నీళ్ళు పారబోయకూడదు. అది మా అమ్మ నేర్పిన మొక్కు. నీళ్ళు తగ్గితే కాసిని పోశాను. తల్లీ, పడవా మనిషా అని అడిగాను.

సాయంత్రం రేడియో తుఫాను ఉత్తరానికి మళ్ళిందని చెప్పింది. అది చాలనుకున్నాను. వెళ్ళి బిరడా పీకి ఆప్రాన్ జేబులో వేసుకున్నాను. నీళ్ళు ఇసుకలో ఇంకిపోతుంటే గుండె తేలికపడింది.

మర్నాడు మధ్యాహ్నం అదే రేడియో, అదే గొంతు, కాస్త సిగ్గయినా లేకుండా, తుఫాను మళ్ళీ మావైపు తిరిగిందని చెప్పింది. పడవ నింపడానికి లియాండర్‌కీ అతని తమ్ముళ్ళకీ ఓ పూట పట్టింది. ఇప్పుడు వాళ్ళు తమ పడవల పనిలో ఉన్నారు, నేనొక్కదాన్ని ఏం నింపను? పైగా లియాండర్ ముక్కులోంచి రక్తం కారుతోంది. అతన్ని వదిలి గడప దాటలేకపోయాను. కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టుకుని లోపల కూర్చున్నాం. బయట గాలి అరుస్తోంది, చెవి దగ్గర దోమలు పాడుతున్నాయి. ఇంత మూసిన ఇంట్లోకి ఇవెక్కడినుంచి వచ్చాయో నాకు అర్థం కాలేదు.

గాలి తగ్గాక వెళ్ళి చూస్తే చెట్టుకు తాడు మాత్రం ఉంది. పడవ ముక్కలు చర్చి ఆవరణలో దొరికాయి.

జ్వరం దిగాక లియాండర్ అడిగాడు. "పడవ?"

"పోయింది."

"బిరడా పీకావా?"

"పీకాను. నువ్వు బతకాలని పీకాను."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బావుండేది.

జోవెల్ మళ్ళీ వచ్చి ఇల్లంతా గాలించింది. పటం దగ్గర ఆగి సీసా తీసి వెలుతురుకేసి పట్టుకుంది.

"అత్తా, ఈ నీళ్ళెప్పటివి?"

"జూలైవి."

సీసా నిండా దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. మా అమ్మ మీద, మరియమాత మీద, జోవెల్ మీద, అందరికంటే నా మీద నాకు కోపమొచ్చింది.

"అయితే ఆయన్ని కుట్టింది పడవలోది కాదా?"

"పడవలోనూ ఉన్నాయి కదత్తా. ఏది కుట్టిందో నేనెలా చెప్పను?"

లియాండర్ గోడ పట్టుకుని లేచాడు. సీసా అందుకుని నీళ్ళు కిటికీలోంచి పారబోశాడు. ఎండిన కొమ్మను ఖాళీ సీసాలోనే గుచ్చి పటం ముందు పెట్టాడు.

"అక్టోబరు దాకా ఉండనీ. మొక్కు మొక్కే" అని నావైపు చెయ్యి చాపాడు. "బిరడా ఏది?"

ఆప్రాన్ జేబులోంచి తీసిచ్చాను. చొక్కాకు తుడిచి, తన జేబులో వేసుకున్నాడు.

"సరే, ఇది ఉంది. ఇక పడవొకటే కావాలి."