బ్లాక్‌పూల్‌లో పెదవుల మాట

రైలు పెట్టెలో అందరం ఒకే కిటికీ మీద పడ్డాం. బ్లాక్‌పూల్ టవరు ఎవరికి ముందు కనిపిస్తే వాళ్లకు మిగతావాళ్లు ఐస్‌క్రీం కొనిపెట్టాలి.

"అదుగో! అదుగో!" అని నేనే అరిచాను. ముప్పై నాలుగేళ్లదాన్ని, సీటెక్కి మరీ అరిచాను.

"దిగవే ఎల్సీ, పరువు తీస్తున్నావు," అంది మా అక్క హిల్డా. "టవరెక్కడికీ పోదు. పోయేవాడు పక్క పెట్టెలో ఉన్నాడు, ముందు ఆయన్ని పట్టుకో."

పక్క పెట్టెలో ఉన్నది ఈనాక్ పికప్, మా మిల్లులో మగ్గాల మేస్త్రి. ఏటా ఒక వారం బర్న్లీలో మిల్లులన్నీ మూస్తారు. ఊరు ఊరంతా తట్టాబుట్టా సర్దుకుని ఇక్కడికే వస్తుంది. అయితే ఈసారి తిరుగు రైల్లో ఈనాక్ మాతో బర్న్లీ దాకా రాడు. ప్రెస్టన్‌లో పెద్ద మేస్త్రి పని దొరికింది, దారిలోనే దిగిపోతాడు. నాలుగేళ్లుగా నా మగ్గాలు బాగుచేస్తూ, నన్ను చూసి నవ్వుతూ, అడగాల్సిన మాట మాత్రం అడగని మనిషి. ఈ వారంలో అడిగాడా సరేసరి, లేకపోతే నా ఆశ గంగలో కలిసినట్టే.

మిల్లులో ఆయన గొప్ప మాటకారి. మగ్గాల హోరులో గొంతులు పనిచేయవు కాబట్టి మేమంతా పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా మాట్లాడుకుంటాం. అలా ఆయన వేసే జోకులకు నవ్వు ఆపుకోలేక నేను తెగిన పోగులు చూసుకోవడం కూడా మర్చిపోయేదాన్ని. కానీ పెళ్లి మాట అక్కడెలా అడుగుతాడు? ఒక నోరు కదిలితే వంద కళ్లు చదివేస్తాయి. పోనీ బయట అడుగుతాడా అంటే, నిశ్శబ్దంలో ఆ మహానుభావుడికి నోరే పెగలదు.

ఎప్పటిలాగే, సెలవులకొచ్చేవాళ్లకు గదులు అద్దెకిచ్చే ఆర్మరాడ్ గారింట్లో దిగాం. అదే గది, అదే బల్ల, ఆవిడ శాసనాలూ అవే. పొద్దున్న తిన్న వెంటనే అందరూ బయటికి నడవాలి. సాయంత్రం భోజనం గంట కొట్టేదాకా వాన పడినా పిడుగు పడినా గుమ్మం తొక్కకూడదు.

"సముద్రం చూడ్డానికొచ్చారా, నా గోడలు చూడ్డానికొచ్చారా?" అంటుంది.

నాకు మాత్రం ఆ శాసనం పండగలా ఉంది. ఈనాక్ కూడా ఆ ఇంట్లోనే దిగాడు మరి. రోజూ వానలో సముద్రం ఒడ్డున ఇద్దరం ఒకే గొడుగు కింద నడిచాం. గొడుగు రెండుసార్లు తిరగబడింది, నా టోపీ ఎగిరిపోయింది, ఆయన పరుగెత్తి తెచ్చాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గాలి... బాగా వీస్తోంది కదూ," అన్నాడు.

గురువారం పొద్దున్నకి నా ఓపిక అయిపోయింది. భోజనాల గదిలో అందరూ మా ఊరి నేతవాళ్లే. అందుకే నేను గదికి వీపు పెట్టి, హిల్డాకు ఎదురుగా కూర్చున్నాను. రహస్యం చెప్పాలంటే జనానికి వీపు పెట్టాలని మా మిల్లుల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు.

పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా అక్కతో అన్నాను: "గాలి వీస్తోందట గాలి! ఆయన ఒక్కసారి అడిగితే ఎగిరి గంతేసి ఊ అంటాను, ఒట్టు. మగ్గం ఎందుకాగిందో చిటికెలో కనిపెడతాడే, నేనెవరి కోసం ఆగానో కనిపెట్టలేడూ?"

హిల్డా నవ్వలేదు. నోరు తెరిచి నా వెనక్కి చూస్తోంది. గదిలో ఒక్క చెంచా చప్పుడు లేదు. నాకు అనుమానం వచ్చి తలెత్తాను.

హిల్డా తల వెనక గోడకి నిలువెత్తు అద్దం! నిరుటిదాకా అక్కడ ఓడ బొమ్మ ఉండేది; ఈ వారమంతా ఆ గోడకి వీపు పెట్టి కూర్చున్నదాన్ని, గమనించనేలేదు. అద్దంలో నా ముఖం, దాని వెనక గది గదంతా నా నోటి వంకే చూస్తోంది. మా మిల్లులో నేసే ముసలి బెస్సీ కళ్లు తుడుచుకుంటోంది. మూలన ఈనాక్, చేప ముక్క గుచ్చిన ఫోర్కు గాల్లో అలాగే పట్టుకుని, బీట్‌రూట్‌లా ఎర్రబడిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. టిఫిన్ వదిలేసి బయటికి పరుగెత్తాను.

"ఏమ్మా, గుడ్డు ఉడకలేదా?" అంది వసారాలో ఆర్మరాడ్.

"అద్దం ఎందుకు పెట్టారండీ?" అని ఆవిడ మీద అరిచాను.

ఆ రోజంతా ఈనాక్‌కు కనిపించకుండా తిరిగాను. మర్నాడు శుక్రవారం, చివరి రోజు. హిల్డా నన్ను బరబరా తిరునాళ్ల మైదానానికి లాక్కెళ్లింది. ఎత్తుపల్లాల ఆట రైలు దగ్గర మా బసలో దిగినవాళ్లంతా అప్పటికే బారులు తీరి ఉన్నారు. ముందు పెట్టెలో టోపీ చెవులదాకా లాక్కుని ఒక్కడే కూర్చున్నాడు ఈనాక్.

"నిచ్చెనెక్కాలన్నా వణుకుతాడే ఆయన! ఎందుకెక్కాడు?" అన్నాను.

"చప్పుడు కోసమే పిచ్చిదానా," అంది బెస్సీ. "విను."

గొలుసు గడగడలాడింది. చక్రాలు దడదడమన్నాయి. అచ్చం మా మగ్గాల షెడ్డే! ఈనాక్ భుజాలు నిటారయ్యాయి. రైలు కొండెక్కుతుండగా వెనక్కి తిరిగి పెదవులు కదిపాడు. అంత ఎత్తులో ఉన్నా ప్రతి మాటా తెలిసింది.

"ఎల్సీ! నువ్వు లేని ప్రెస్టన్ నాకెందుకు? నన్ను పెళ్లి..."

రైలు దబ్బున కిందికి పడింది.

"పెళ్లి? పెళ్లేంటి?" అని అందరూ గగ్గోలు పెట్టారు. రైలు మలుపు తిరిగి మళ్లీ కొండెక్కింది. టోపీ పోయింది, జుట్టు నిక్కబొడుచుకుంది. ఒక కన్ను తెరిచాడు.

"...చేసుకుంటావా?"

నాలుగేళ్లు ఈ మాట కోసం చూసినదాన్ని, తీరా ఆ మాట వినేసరికి నా పెదవులే కదల్లేదు. "చెప్పవే మొద్దూ!" అని హిల్డా వీపు మీద ఒక్కటిచ్చింది. ఈలోగా రైలు ఆగింది. ఈనాక్ పాలిపోయిన ముఖంతో నా దగ్గరికొచ్చాడు. వెనక జనమంతా మెడలు సాచి నా నోటి వంక చూస్తున్నారు.

ముందు ఎక్కడైనా అద్దం ఉందేమోనని చుట్టూ చూశాను. లేదు. వాళ్లందరికీ వీపు పెట్టి, ఆయన ఒక్కడికే కనిపించేలా పెదవులు కదిపాను.

ఈనాక్ నా చెయ్యి పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, నా భుజం మీదుగా జనం వైపు చూసి గొంతెత్తి అరిచాడు:

"ఎల్సీ ఊ అందిర్రా!"

సముద్రపు పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.