పావురం కాలి కడియం

బడిలో పిల్లలు అతన్ని కోతి మాస్టారు అనేవారు. జీవశాస్త్రం చెప్పేవాడు. పరిణామం పాఠం వచ్చిందంటే గొంతు తానే పెరిగేది, పక్క గది మాస్టారు వచ్చి తలుపు వేసి వెళ్ళేవాడు. ఆ పేరు అతనికి తెలుసు, లోలోపల కాస్త ముద్దుగానే ఉండేది.

అతని భార్యకు అన్న, అంటే అతనికి బావ, బజారు మలుపులో కళ్ళజోళ్ళ కొట్టు నడిపేవాడు. వారానికోసారి ప్రార్థనా మందిరంలో ప్రసంగించేవాడు. కొట్టుకొచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ, ఇంత చిక్కైన కన్ను దానంతటదే తయారైందని నమ్మేవాడెవడైనా ముందు తన దగ్గరకొచ్చి కళ్ళు చూపించుకోవాలని అనేవాడు. ఆ మాట తిరిగి తిరిగి కోతి మాస్టారి చెవిన పడాలనే అనేవాడు. పడేది. మాస్టారు నవ్వుకునేవాడు.

ఈ ఇద్దరినీ కలిపి ఉంచింది మాస్టారి అత్తవారి ఖాళీ పాతింటి డాబా మీది పావురాల గూడు. వల తలుపుకి ఒక పక్క విసనకర్ర తోకల తెల్లవి, మరో పక్క పొట్టి ముక్కు నల్లవి. రెండు జాతుల్నీ ఏళ్ళ తరబడి జత చూసి, పిల్ల చూసి ఇద్దరూ కలిసి తీర్చారు. వాళ్ళకో పద్ధతి ఉండేది. పిల్లకు ఈకలు మొలకెత్తే వయసులో ఒకడు అరచేతిలో పెట్టుకుని ముక్కు, రెక్క, కాలివేళ్ళు చూసి ‘ఉంచు’ అనో ‘వద్దు’ అనో అనాలి. కారణం చెప్పకూడదు. తర్వాత రెండోవాడు చూడాలి. ఇద్దరి నోటా ‘ఉంచు’ వస్తేనే పిల్ల కాలికి ఇత్తడి కడియం ఎక్కేది. కాలు ఎదిగాక ఇక ఆ కడియాన్ని కొయ్యడమే తప్ప తియ్యడం కుదరదు. ఒక్కరు వద్దన్నా ఆ పిల్ల అడిగినవాళ్ళింటికి వెళ్ళిపోయేది.

గూట్లో దేవుడి ఊసు గానీ కోతి ఊసు గానీ వచ్చేది కాదు. అలా అని ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. "మీ ఇద్దరికీ పిట్టలు లేకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు" అని అతని భార్య దెప్పేది, ఇంటినుంచి తెచ్చిన టీ గ్లాసులు పిట్టగోడ మీద పెడుతూ.

ఆమె పోయింది. ఆపరేషన్ జరిగింది, కానీ ఆమె తిరిగి రాలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకు, గూట్లో ఒక పిల్లను చేతిలో పట్టుకుని ఉండగా, ఎవరికీ చెప్పని సంగతి అతని నోటి నుంచి వచ్చేసింది.

"ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద మోకరిల్లాను బావా. ఎవర్ని అడుగుతున్నానో తెలీదు. అడిగాను."

బావ ఇలా ఇవ్వు అన్నట్టు చెయ్యి చాచి పిల్లను తీసుకున్నాడు, కాలివేళ్ళు విడదీసి చూశాడు, "ఉంచు" అన్నాడు. అంతకంటే పెద్ద ఓదార్పు ఆ ఏడాదంతా అతనికి దొరకలేదు. నమ్మేవాడికి ఆ క్షణం చేతికందిన పండు లాంటిది, అయినా బావ తెంపలేదు. ఇలాంటి మనిషి ఉన్నాడంటే చాలు అనుకున్నాడు మాస్టారు.

ఆ మోకరింపును అతను తనలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే పక్కన పెట్టుకున్నాడు. ఏ జాతిదో తేలని ఎముకను ప్రయోగశాల అరలో ఒక మూల ఉంచినట్టు. పారెయ్యలేదు, పేరూ పెట్టలేదు.

మరుసటి ఏడు బడి కమిటీ పరిణామం పాఠాన్ని తీసేద్దామంది. తల్లిదండ్రుల్ని పిలిచి, రెండు పక్షాలూ విని, చేతులెత్తించి తేలుద్దామన్నారు. పాఠం తరఫున కోతి మాస్టారు, వద్దనేవాళ్ళ తరఫున ఆయన బావ. ఊరికి తమాషా. సభకు ముందు సాయంత్రం గూట్లో నీళ్ళ డబ్బా మారుస్తూ, మొహమాటపడకుండా గట్టిగానే కొట్టు బావా అన్నాడు కళ్ళజోళ్ళాయన. నువ్వు కూడా అన్నాడు మాస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

హాలు నిండింది. మాస్టారు బుట్టలో ఒక తెల్ల పావురాన్ని తెచ్చాడు. ప్రపంచంలో ఉన్న పెంపుడు పావురాలన్నీ కొండరాళ్ళలో బతికే ఒకే ఒక బూడిదరంగు పిట్ట సంతతి అని, దాని రెక్క మీద రెండు నల్లచారలుంటాయని, మనిషి ఏరి ఏరి ఇన్ని రూపాలు తీశాడని చెప్పాడు. ఏరేవాడు లేకపోయినా ఆకలి, చలి, డేగ ఆ పని చేస్తాయనీ, కాకపోతే దానికి బోలెడు కాలం పడుతుందనీ అన్నాడు.

బావ లేచాడు. "ఏరే చెయ్యి ఒకటుందని మా బావే ఒప్పుకున్నాడు కదండీ. ఆ చేతుల్లో ఒకటి నాదే." హాలు గొల్లున నవ్వింది. మాస్టారూ నవ్వాడు, దెబ్బ బాగానే పడింది. కానీ చెయ్యి ఏరుతుందే గానీ పుట్టించదని, పిల్లలో తేడా చేతికి తెలియకుండానే వస్తుందని అతను నెమ్మదిగా విప్పి చెప్పేసరికి తలలు ఊగడం మొదలైంది. ముందు వరసలో ఒకావిడ పావురాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని తోక విప్పి చూస్తోంది. గాలి తన వైపు తిరిగిందని అతనికి తెలిసింది. బావకూ తెలిసింది.

బావ మళ్ళీ లేచాడు. ఈసారి గొంతు తగ్గించాడు. అది మందిరం గొంతు కాదు, గూట్లో గొంతు. దాన్ని గుర్తుపట్టి మాస్టారు తలెత్తాడు.

"మా బావ మనసు మీకు తెలీదండీ. మా చెల్లెలు లోపల ఆపరేషన్ బల్ల మీద ఉంటే, ఈయన మెట్ల మీద మోకరిల్లాడు. తనే చెప్పాడు నాకు. పాఠం వేరు, మనిషి వేరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ అతన్ని జాలిగా, ప్రేమగా చూశారు. అబద్ధమనడానికి లేదు. భయంతో చేశానని అనొచ్చు. కానీ అలా అంటే ఆ మెట్ల మీది మనిషిని తన నోటితోనే చంపుకోవడం అవుతుంది. నిజంగా అడిగానని అంటే పాఠం పోతుంది. అరలో మూల పెట్టుకున్న ఎముకను ఎవరో తీసుకొచ్చి అందరి ముందూ చీటీ అతికించేశారు. అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

చేతులు లేచాయి. పాఠం పోయింది. బయటికొస్తుంటే పావురాన్ని తిరిగిస్తూ ఆ ముందు వరస ఆవిడ అతని భుజం తట్టి, బాధపడకండి మాస్టారూ, పైవాడు వినే ఉంటాడు అంది. వింటే మరి ఆ తర్వాత జరిగినదేమిటి అని ఆమెను అడగలేదు.

మర్నాడు బావ గూటికి వచ్చాడు. గింజలు చల్లుతూ, మొహం చూడకుండా, "నీ మంచికే చెప్పాను బావా. నిన్ను రాతిగుండె మనిషని ఎవరూ అనుకోకూడదని" అన్నాడు.

"నేను నీకు చెప్పింది ఇక్కడ."

"ఇక్కడ చెబితే నిజం కాకుండా పోతుందా?"

మాస్టారు వంగి నీళ్ళ డబ్బా కడగడం మొదలుపెట్టాడు. బావ గెలుపు కోసమే చెప్పి ఉంటే తను ఎప్పటికైనా మరిచిపోగలడు. ఈ మనిషి మాత్రం ప్రేమతోనే చెప్పానని నిజంగా నమ్ముతున్నాడు. తనను తాను మోసం చేసుకున్న తర్వాతే మాస్టారిని మోసం చేశాడు. అలాంటివాడి మీద కోపం ఎక్కడ పట్టుకోవాలి?

బావ ఒక తెల్ల పిల్లను గూట్లోంచి తీసి చేతిలో పెట్టుకున్నాడు. దాన్ని చూడనే లేదు. మాస్టారి కళ్ళలోకి చూస్తూ, "ఉంచుదాం బావా" అన్నాడు.

పిల్ల కాలి వెనక వేలు మెలి తిరిగి ఉంది. ఇన్నేళ్ళలో అలాంటి పిల్లను బావ ఒక్కసారి కూడా ఉంచమనలేదు. మాస్టారిని శాంతింపజెయ్యడానికి గూట్లో మొదటిసారి అబద్ధమాడాడు. హాల్లో జరిగినదానికంటే ఇదే లోతుగా దిగింది.

"వద్దు" అన్నాడు మాస్టారు.

ఆ రోజు నుంచి బావ పొద్దున్నే వచ్చేవాడు, అతను సాయంత్రం వచ్చేవాడు. పిట్టలకు తిండి ఆగలేదు. కానీ ‘ఉంచు’ అనడానికి ఇద్దరు కావాలి, జతలు కట్టడానికి ఇద్దరు కావాలి. మధ్యలోని వల తలుపు ఒక రోజు తెరిచి ఉంది. పొద్దున్న బావే తెరిచాడు, మళ్ళీ తనే వేస్తాడు అనుకున్నాడు మాస్టారు. బావ కూడా బహుశా అలాగే అనుకుని ఉంటాడు. తెల్లవీ నల్లవీ కలిసిపోయాయి. తోకల విసనకర్రలు సన్నబడ్డాయి, మచ్చల పిల్లలు పుట్టాయి, ఆ మచ్చల పిల్లలు ఎదిగి వాటిలో అవి జత కట్టాయి. ఏళ్ళ పని ఎవరూ ఏమీ చెయ్యకుండానే కరిగిపోతోంది.

ఒక సాయంత్రం మూల గూట్లో ఒక పిల్ల కనబడింది. ఈకలు బాగా వచ్చాయి. ఒళ్ళంతా నీలి బూడిద. రెక్క మీద రెండు నల్లచారలు.

అతను దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఏరి తీసేసిన కొండపిట్ట, ఏరేవాళ్ళు పక్కకు తప్పుకోగానే తిరిగి వచ్చింది. హాలు నిండా మనుషులుండగా చూపించలేకపోయినది ఇప్పుడు అరచేతిలో వెచ్చగా ఊపిరి తీస్తోంది. దీన్ని చూసి దీని విలువ ఇట్టే గ్రహించగలవాడు ఊళ్ళో ఒక్కడే. పరుగున వెళ్ళి బావ కొట్టు మెట్లెక్కాలన్నంత ఆత్రం కలిగింది.

కాలివేళ్ళు చూద్దామని పిల్లను తిప్పాడు. కాలికి అప్పటికే కడియం ఉంది.

బావ ముందే చూశాడు, ఒక్కడే ‘ఉంచు’ అనుకున్నాడు, ఎక్కించేశాడు. ప్రేమతోనే చేసి ఉంటాడు. తనను అడగకుండా.

మాస్టారు కడియాన్ని బొటనవేలితో తిప్పి చూశాడు. కాలు అప్పటికే ఎదిగింది, రాదు. పిల్లను మళ్ళీ గూట్లో పెట్టి, నీళ్ళ డబ్బా నింపి, కొట్టు వైపు వీధి కాకుండా రెండో వీధిలోంచి ఇంటికి వెళ్ళిపోయాడు.